ఫ్యాన్ ఆపిన గదిలో ఏ హెడ్‌ఫోన్? ఐదు క్లోజ్డ్ బ్యాక్ స్టూడియో హెడ్‌ఫోన్ల పోలిక

మే నెలలో విజయవాడలో తలుపులు, కిటికీలు మూసి పాట రికార్డ్ చేసినవాళ్లకు ఈ గోల కొత్త కాదు. మైకు ఆన్ చేశామంటే ఫ్యాన్ ఆపాలి, ఏసీ ఉంటే అదీ ఆపాలి. పది నిమిషాలకు చెవుల చుట్టూ చెమట పడుతుంది. ఇరవై నిమిషాలకు పాడేవాళ్లు హెడ్‌ఫోన్‌ని ఒక చెవి మీంచి పక్కకి జరిపి తువ్వాలుతో తుడుచుకుంటారు, మళ్లీ సరిగ్గా పెట్టుకోరు. అప్పుడు ఆ కప్పులోంచి తాళం కోసం పెట్టే క్లిక్ ట్రాక్ 'టిక్ టిక్'మంటూ మైకులోకి వెళ్లిపోతుంది. బాగా పాడిన టేక్ మొత్తం పోతుంది.

అందుకే 'సౌండ్‌కి ఇన్ని మార్కులు, కంఫర్ట్‌కి ఇన్ని మార్కులు' అని విడివిడిగా వేసే రివ్యూల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. క్లోజ్డ్ బ్యాక్, అంటే కప్పుల వెనక మూసి ఉండే హెడ్‌ఫోన్లలో ఆ రెండూ వేరు కాదు. ప్యాడ్ చెవి చుట్టూ ఎలా కూర్చుంటుందో దాన్నిబట్టే మీకు వినపడే బేస్ ఉంటుంది. చెవి నొప్పి పుట్టో, ఉక్క పోసో దాన్ని కాస్త కదిపారంటే, డబ్బు పెట్టి కొన్న సౌండ్ కూడా మారిపోయినట్టే.

ఈ పోలికకు స్టూడియోల్లో, ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఐదింటిని తీసుకున్నాను: సోనీ ఎండీఆర్-7506, ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో, ఏకేజీ కే371. ధరలు సేల్‌ని బట్టి వారం వారం మారతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు.

ముందు దేన్ని చూడాలి

*సీల్, అంటే ప్యాడ్ చెవి చుట్టూ సందు లేకుండా మూసుకోవడం.* బేస్ అంటే ప్యాడ్‌కీ చెవికీ మధ్య బంధించిన కొద్దిపాటి గాలిని డ్రైవర్ (లోపలి చిన్న స్పీకర్) ముందుకీ వెనక్కీ నొక్కడమే. ఆ గాలి ఎక్కడినుంచైనా బయటకు పోతే ఒత్తిడి నిలవదు, కింది స్వరాలు పలచబడతాయి. సైకిల్ ట్యూబుకి సూది మొనంత రంధ్రం పడితే ఏమవుతుందో ఇక్కడా అంతే. కళ్లజోడు కాడ చాలు ఆ రంధ్రం చేయడానికి. చెవి దగ్గర ఒత్తుగా ఉన్న జుట్టు, క్లిప్పు, పెద్ద దుద్దులు కూడా చాలు. అప్పుడు మీరు 'బేస్ తక్కువైంది' అనుకుని మిక్స్‌లో (ట్రాకులన్నీ కలిపేటప్పుడు) పెంచుతారు. అదే పాట ఊళ్లో ఫంక్షన్ సౌండ్ బాక్సుల్లో వేస్తే మాటలు వినపడవు, గుండెలు మాత్రం అదురుతాయి.

పరీక్ష చాలా తేలిక. బాగా తెలిసిన పాట పెట్టి, రెండు అరచేతులతో కప్పుల్ని మెల్లగా చెవులకి నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగిందా? అంటే చేతులు తీసేశాక మీ తలకి ఆ హెడ్‌ఫోన్ సరిగ్గా మూసుకోవడం లేదన్నమాట. పెద్దగా తేడా లేకపోతే సీల్ బాగున్నట్టే.

*ఏ పనికి?* రికార్డింగ్ వేళ పాడేవాళ్లకి పెట్టే హెడ్‌ఫోన్ వేరు, తర్వాత కూర్చుని మిక్స్ చేసుకునేది వేరు. మొదటిదానికి శబ్దం బయటకు పోకపోవడం ముఖ్యం. రెండోదానికి ఉన్నది ఉన్నట్టు వినిపించడం, మూడు గంటలు పెట్టుకున్నా తల బరువెక్కకపోవడం ముఖ్యం. రెండు పనులకీ ఒకటే కొనుక్కోవాల్సిన వాళ్లే మనలో ఎక్కువమంది కాబట్టి ఎక్కడో ఒక చోట రాజీ తప్పదు.

*ట్రెబుల్.* స్టూడియో హెడ్‌ఫోన్లలో చాలావాటికి పై స్వరాలు కాస్త ఎక్కువగా ఉంటాయి. 'స', 'శ', 'ష' గుచ్చుకున్నట్టు వినపడతాయి. డబ్బింగ్ వాళ్లకీ ఆడియో పుస్తకాలు చదివేవాళ్లకీ ఇది మంచిదే: నాలుక చప్పుడు, పెదాల చప్పుడు, పేజీ తిప్పిన అలికిడి అన్నీ దొరికిపోతాయి. మిక్సింగ్‌కి మాత్రం ఉచ్చు. నేనూ అందులో పడ్డాను. అలాంటి పదునైన హెడ్‌ఫోన్ మీదే మా మేనకోడలి పాట ఒకటి మిక్స్ చేసి, గుచ్చుకుంటోందని ట్రెబుల్ తగ్గించుకుంటూ పోయాను. మా బావ కారులో అది పెట్టి, "ఏరా, మా అమ్మాయి చేత దుప్పటి ముసుగులో పాడించావా?" అన్నాడు. తప్పు పాటది కాదు, నా చెవుల మీద ఉన్నదానిది. అది ఎక్కువ చేసి చెబుతోందని తెలుసుకోకపోవడం నాది.

*బరువు, బిగువు, ప్యాడ్ గుడ్డ.* గ్రాముల కన్నా బిగువే ఎక్కువ బాధపెడుతుంది. రెక్సిన్ లాంటి ప్యాడ్ బాగా మూసుకుంటుంది, కానీ చెమటని పీల్చదు. వెల్వెట్ లాంటి వెలూర్ ప్యాడ్ చల్లగా ఉంటుంది, కానీ అందులోంచి గాలీ శబ్దమూ కాస్త కారతాయి, పైగా దుమ్మూ వెంట్రుకలూ పట్టుకుంటాయి. తీరప్రాంతపు ఉక్కలో పలుచటి రెక్సిన్ ప్యాడ్‌కి ఆయుష్షు తక్కువ. కొన్నాళ్లకి నల్లటి పొట్టు రేగి చెవుల మీద, మెడ మీద అంటుకుంటుంది. ప్యాడ్లు విడిగా దొరికే మోడల్ కొనడం అందుకే మంచిది. ఈ ఐదింటికీ దొరుకుతాయి.

అంకెల్లో

| మోడల్ | ఇంపెడెన్స్ (కరెంటుకి అడ్డు, ఓమ్‌లలో) | బరువు, కేబుల్ కాకుండా | ప్యాడ్ | కేబుల్ |
|---|---|---|---|---|
| సోనీ ఎండీఆర్-7506 | 63 ఓమ్‌లు | సుమారు 230 గ్రా. | పలుచటి రెక్సిన్ | చుట్టల కేబుల్, ఊడదు |
| ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్ | 38 ఓమ్‌లు | 285 గ్రా. | రెక్సిన్ | ఊడుతుంది, మూడు కేబుళ్లు ఇస్తారు |
| బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో | 32, 80, 250 ఓమ్‌లు | సుమారు 270 గ్రా. | వెలూర్; 32 ఓమ్‌లదానికి రెక్సిన్ | ఊడదు |
| సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో | 64 ఓమ్‌లు | 285 గ్రా. | మెత్తటి రెక్సిన్ | చుట్టల కేబుల్ |
| ఏకేజీ కే371 | 32 ఓమ్‌లు | 255 గ్రా. | రెక్సిన్, లోపల నురుగు | ఊడుతుంది, మూడు కేబుళ్లు ఇస్తారు |

ఈ పట్టిక చూసి 'తేలికైనది కాబట్టి సోనీయే హాయి' అనుకోకండి. ఎందుకో కిందనే చెబుతాను.

సోనీ ఎండీఆర్-7506

1991లో వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా రేడియో స్టేషన్లలో, షూటింగ్ సౌండ్ రికార్డిస్టుల మెడలో ఇంకా అదే నీలం గీత కనిపిస్తుంది. కారణం ఫ్యాషన్ కాదు. ఇది తప్పుల్ని దాచదు. మైకుకి ప్లోసివ్ ('ప', 'బ' పలికేటప్పటి ఊపిరి దెబ్బ) తగిలినా, కేబుల్ వదులై 'చిర్'మన్నా, ఎడిటింగ్‌లో కోత సరిగ్గా అతకకపోయినా వెంటనే చెబుతుంది. వాయిస్ పనికి ఇంతకన్నా నిక్కచ్చిగా చెప్పేది ఈ ధర వర్గంలో నాకు తగల్లేదు.

ట్రెబుల్ ఎక్కువ. రెండు గంటలు విన్నాక చెవి అలసిపోతుంది, అది బరువు వల్ల కాదు, ఆ పదును వల్ల. ఇక ప్యాడ్ బాగా పలుచన. చెవి బయటికి పొడుచుకొచ్చినవాళ్లకి చెవి అంచు లోపలి డ్రైవర్ కవరుకి తగులుతుంది. అరగంటకి అక్కడ చిన్న మంట మొదలవుతుంది. చాలామంది కొన్న వెంటనే లావుపాటి ప్యాడ్లు వేయించుకుంటారు. హాయిగా ఉంటుంది నిజమే, కానీ చెవికీ డ్రైవర్‌కీ దూరం పెరిగి సౌండ్ మారుతుంది. మిక్సింగ్‌కి వాడేవాళ్లు అలా మార్చాక మళ్లీ పది పాటలు విని చెవికి అలవాటు చేసుకోవాలి.

కేబుల్ మూడు మీటర్ల దాకా సాగే చుట్టల రకం. టేబుల్ దగ్గర బాగానే ఉంటుంది, నిలబడి పాడేవాళ్ల మెడని మాత్రం కిందికి లాగుతూ ఉంటుంది.

ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్

2014 నుంచి ఇదే రూపంలో ఉంది. కుర్రాళ్లకి ఎక్కువగా నచ్చేది ఇదే, కారణం బేస్. ఈడీఎం (ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం), డప్పు బీట్లు చేసేవాళ్లకి వెంటనే హుషారు పుట్టిస్తుంది. ఆ హుషారే సమస్య కూడా. బేస్ కొంచెం ఉబ్బించి చూపిస్తుంది కాబట్టి మీ మిక్స్‌లో బేస్ సరిపోయిందని తొందరగా నమ్మేస్తారు, వేరే స్పీకర్లలో వింటే ఖాళీగా ఉంటుంది.

కొత్తలో బిగువుగా ఉంటుంది. కప్పు గుండ్రం కాదు, కోలగా, కాస్త చిన్నదిగా ఉంటుంది. పెద్ద చెవులవాళ్లకి ఇరుకు. కప్పులు తొంభై డిగ్రీలు తిరుగుతాయి కాబట్టి ఒక చెవి పెట్టి, ఒక చెవి వదిలి వినడం తేలిక. డీజేలకి నచ్చడానికి అదొక కారణం. దీని అసలు బలం నా దృష్టిలో కేబుల్. పొడుగుదీ పొట్టిదీ చుట్టలదీ, మూడూ పెట్టెలోనే వస్తాయి. ఒకటి పాడైతే ఊడదీసి ఇంకోటి పెట్టుకోవడమే. కుర్చీ చక్రం కింద కేబుల్ నలిగి, ఒక చెవి మూగబోయిన హెడ్‌ఫోన్‌ని రిపేరు షాపుల చుట్టూ తిప్పినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. అయితే కప్పు దగ్గరి పిన్ను మామూలు 3.5 మిల్లీమీటర్లది కాదు, తిప్పి బిగించే 2.5 మిల్లీమీటర్లది. ఏదో ఒక కేబుల్ పెట్టేస్తే పట్టదు.

బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో

ఈ ఐదింటిలో నేను ఎక్కువసేపు పెట్టుకోగలిగేది ఇదే. పెద్ద గుండ్రటి కప్పులు, చెవి మొత్తం లోపల ఇమిడిపోతుంది. వెలూర్ ప్యాడ్ చెమటకి అంటుకోదు. కళ్లజోడు కాడ మీద కూడా మెత్తగా కూర్చుంటుంది కాబట్టి కణతల దగ్గర నొక్కుడు తక్కువ. జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో తయారవుతుంది. ప్యాడ్, హెడ్‌బ్యాండ్ మెత్త లాంటి భాగాలు విడిగా కొని మనమే మార్చుకోవచ్చు.

సౌండ్ విషయానికొస్తే కింద బలంగా, పైన బాగా మెరుస్తూ, మధ్యలో గొంతు ఒక అడుగు వెనక్కి నిలబడి పాడినట్టు ఉంటుంది. పాట వినడానికి విశాలంగా, భలే ఉంటుంది. గొంతు లెవెల్ నిర్ణయించేటప్పుడు మాత్రం దీన్ని పూర్తిగా నమ్మకండి. గొంతు తక్కువైందనిపించి పెంచేస్తారు. 8 కిలోహెర్ట్జ్ దగ్గరి పదును వల్ల 'స'కారాలు కూడా ఉన్నవాటికన్నా కరుగ్గా వినపడతాయి.

దీన్ని కొనేటప్పుడు ఎక్కువమంది తప్పు చేసేది ఓమ్‌ల దగ్గర. 'ఎక్కువ ఓమ్‌లు అంటే మంచి క్వాలిటీ' అనే మాట విని 250 తెచ్చుకుని, ఫోనుకి పెట్టి, 'సౌండే రావట్లేదు' అంటారు. కంపెనీలు ఇచ్చిన సెన్సిటివిటీ (ఇంత కరెంటుకి ఎంత శబ్దం ఇస్తుందన్న అంకె) లెక్కన చూస్తే, పాటలో అతి పెద్ద శబ్దం 110 డెసిబెల్స్‌కి చేరాలంటే సోనీకి సుమారు 0.4 వోల్టులు, ఎం50ఎక్స్‌కి 0.7 వోల్టులు చాలు. డీటీ 770 ప్రోలో 80 ఓమ్‌లదానికి 1.4 వోల్టులు, 250 ఓమ్‌లదానికి 2.5 వోల్టుల దాకా కావాలి. ఫోనుకి హెడ్‌ఫోన్ తగిలించే చిన్న డాంగిళ్లు చాలావాటిలో వచ్చేది ఒక వోల్టు లోపే. కాబట్టి ఫోనూ ల్యాప్‌టాపూ మాత్రమే ఉంటే 32, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకునీ కంప్యూటర్‌నీ కలిపే పెట్టె) ఉంటే 80, ఇంటర్‌ఫేస్‌లో హెడ్‌ఫోన్ అవుట్ బలమైనదైతే లేదా విడిగా యాంప్ ఉంటే 250. 32 ఓమ్‌లదానికి వెలూర్ కాదు, రెక్సిన్ ప్యాడ్ వస్తుంది. వెలూర్ హాయి కోసమే ఇది కొంటున్నవాళ్లు గమనించాలి.

బయటి శబ్దాన్ని సుమారు 18 డెసిబెల్స్ తగ్గిస్తుందని కంపెనీ చెబుతుంది. బయటిది లోపలికి వచ్చినట్టే లోపలిదీ బయటికి పోతుంది కాబట్టి, మైకుకి ముఖం దగ్గరగా పెట్టి మెల్లగా పాడేవాళ్లకి ఇది కాస్త తక్కువే.

సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో

దీని సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే బిగువు. బయటి శబ్దాన్ని 32 డెసిబెల్స్ వరకు ఆపుతుందని కంపెనీ చెప్పే అంకె ఆ బిగువు వల్లే సాధ్యం. డ్రమ్మర్లకీ, పక్కన గోల ఉండగా రికార్డ్ చేసేవాళ్లకీ, ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు వాయించేచోటా ఇదే సరైనది. బయటి రొద తగ్గితే వాల్యూమ్ పెంచాల్సిన అవసరం ఉండదు. ఇది చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే పరిమితి వారానికి 40 గంటలు, అదీ 80 డెసిబెల్స్ దగ్గర. రోజంతా హెడ్‌ఫోన్ పనే చేసేవాళ్లకి ఆ గంటలు శుక్రవారానికే అయిపోతాయి.

సౌండ్‌లో హంగు లేదు. బేస్ ఉబ్బదు, ట్రెబుల్ గుచ్చదు, వింటే 'ఇంతేనా' అనిపిస్తుంది. అది తిట్టు కాదు.

పెద్ద తలవాళ్లు, కళ్లజోడువాళ్లు మాత్రం కొనే ముందు కనీసం అరగంట పెట్టుకుని చూడాలి. కొత్తలో తలని పట్టుకారుతో పట్టినట్టు ఉంటుంది. కొందరు రాత్రంతా నాలుగైదు లావుపాటి పుస్తకాల దొంతరకి తొడిగి వదిలేస్తారు, కొంచెం సాగుతుంది. మరీ సాగదీస్తే దాన్ని దేనికి కొన్నామో ఆ పనే పోతుంది. ఉక్క విషయంలో ఐదింటిలో ఇదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఫ్యాన్ ఆపిన గదిలో పావుగంటకోసారి తీసి తుడుచుకోవాల్సిందే.

ఏకేజీ కే371

2019లో వచ్చింది. ఎక్కువమంది శ్రోతలకి ఏది సహజంగా వినపడుతుందో వినికిడి పరీక్షలతో తేల్చి హర్మన్ అనే ఆడియో కంపెనీ పరిశోధకులు ఒక లక్ష్యరేఖ (ఏ స్వరం ఎంత గట్టిగా వినపడాలో చూపే గీత) తయారు చేశారు. ఏకేజీ ఆ హర్మన్ గొడుగు కిందిదే. ఈ హెడ్‌ఫోన్‌ని ఆ రేఖకి దగ్గరగా ట్యూన్ చేశారు. ఒక్క హెడ్‌ఫోన్‌తోనే మిక్సింగ్ మొత్తం చేయాలంటే, కాగితం మీద ఈ ఐదింటిలో దీనికే నా ఓటు. బేస్ ఉండాల్సినంత ఉంటుంది, గొంతు ముందుంటుంది, 'స'కారం గుచ్చదు. తబలా బాయా మీద మణికట్టు జరిపినప్పుడు వచ్చే ఆ 'గుమ్‌'మనే జారుడు, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో దీనిలో స్పష్టంగా తెలిసింది.

కాగితం మీద అని ఎందుకన్నానంటే, ఆ బేస్ అంతా సీల్ మీదే ఆధారపడి ఉంది. పట్టు వదులుగా ఉండటం హాయే, కానీ అదే వదులు వల్ల కళ్లజోడు కాడ పక్కన సందు పడితే మొదట పోయేది బేసే. పైన చెప్పిన అరచేతుల పరీక్ష దీనికి తప్పనిసరి. నేను కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి విన్నాను. రెండు వేరువేరు హెడ్‌ఫోన్లు విన్నట్టుంది. కప్పులు మడతపడే, తిరిగే కీలు దగ్గర కూడా మోటుగా వాడితే నిలవదు. పది చేతులు మారే స్టూడియోకి కాదు, ఇంట్లో ఒక్కరు జాగ్రత్తగా వాడుకునేదానికి.

ఎవరికి ఏది

డబ్బింగ్, ఆడియో పుస్తకాలు, పాడ్‌కాస్ట్ ఎడిటింగ్ చేసేవాళ్లకి సోనీ. ఎడిటింగ్ రోజుకి నాలుగు గంటలు దాటితే దానితో తప్పులు ఏరుకుని, మిగతా పని ఇంకోదాని మీద చేసుకోవడం మేలు.

ఇంట్లో కవర్ పాటలు రికార్డ్ చేసి, తామే మిక్స్ చేసుకునేవాళ్లకి జవాబు కళ్లజోడు మీద ఆధారపడి ఉంటుంది. కళ్లజోడు లేకపోతే కే371. ఉంటే డీటీ 770 ప్రో 80 ఓమ్‌లది, దాని ట్రెబుల్ అలవాటు చేసుకుంటూ, గొంతు లెవెల్‌ని ఫోన్ స్పీకర్‌లో ఒకసారి చూసుకుంటూ.

బ్యాండ్ ఉండి అందరూ ఒకే గదిలో వాయించేచోట హెచ్‌డీ 280 ప్రో. కీబోర్డ్ ముందు బీట్లు చేసుకుంటూ, బస్సులో పాటలు వింటూ, పెళ్లిళ్లలో డీజే చేస్తూ అన్నిటికీ ఒకటే కావాలంటే ఎం50ఎక్స్. వైర్ లేకుండా కావాలని అడుగుతారు. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది, క్లిక్‌తో కలిసి పాడటం కుదరదు. రికార్డింగ్‌కి వైరే.

కొనే ముందు షాపులో

ఏసీ షాపులో రెండు నిమిషాలు విని తెచ్చుకోకండి. కనీసం ఇరవై నిమిషాలు పెట్టుకోండి. రోజూ ఎలా ఉంటారో అలాగే వెళ్లండి: కళ్లజోడు, దుద్దులు, జడ ఎత్తుగా వేసుకునే అలవాటుంటే అలాగే. దుద్దు వెనక మర ప్యాడ్ ఒత్తిడికి చెవి వెనక గుచ్చుకుంటుంది, అది ఇరవై నిమిషాల తర్వాతే తెలుస్తుంది. బుట్టలు, జూకాలు ఏ హెడ్‌ఫోన్‌తోనూ కుదరవు, తీసి పెట్టాల్సిందే.

ఆ తర్వాత నోరు బాగా తెరిచి 'ఆ...' అని ఒక స్వరం పట్టండి. షాపువాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. నోరు తెరిచినప్పుడు చెవి ముందున్న దవడ ఎముక కదులుతుంది, అక్కడ ప్యాడ్ కింద సందు పడుతుంది. మాట్లాడకుండా వింటున్నప్పుడు బాగున్న సీల్ పాడుతున్నప్పుడు పోవడం ఇందుకే. ఆ స్వరం మధ్యలో బేస్ తగ్గితే, అది వినడానికి బాగుండొచ్చు గానీ పాడేవాళ్లకి కాదు. పేరున్న మోడళ్లకి నకిలీలు కూడా తిరుగుతుంటాయి కాబట్టి, సగం ధరకి ఇస్తామనే చోట కాకుండా బిల్లూ వారంటీ ఇచ్చే డీలర్ దగ్గరే తీసుకోండి.

ఇక ఏది కొన్నా పాడేవాళ్లు ఒక చెవి తీసేస్తారు. తమ గొంతు తమకి బయటి గాలిలోంచి వినపడితేనే శ్రుతి నిలుస్తుందని చాలామందికి అలవాటు. వాళ్లని మార్చాలని చూడకండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిక్‌నీ ట్రాక్‌నీ పూర్తిగా వాళ్లు పెట్టుకున్న చెవి వైపుకే పాన్ చేయండి, రెండో వైపు ఏమీ పంపకండి. ఆ ఖాళీ కప్పు మెడ మీద ఉన్నా, చెంప మీద ఉన్నా మైకులోకి కారడానికి అందులో ఏమీ ఉండదు.